స్కాన్ కన్నా ముందు ప్రశ్న: న్యూక్లియర్ మెడిసిన్ చిత్రీకరణపై ఒక సమీక్ష

పెట్ స్కాన్ గానీ బోన్ స్కాన్ గానీ చేయించమని డాక్టరు రాసిచ్చినప్పుడు ఇంట్లో రెండు సందేహాలు పుడతాయి. ఒంట్లోకి ఎక్కించే రేడియోధార్మిక మందు చేటు చేయదా అన్నది ఒకటి. అంత ఖర్చు పెట్టి తీయించిన స్కాన్‌లో వచ్చిందే చివరి మాట అనుకోవచ్చా అన్నది రెండోది. వైద్యరంగంలోనూ దశాబ్దాలుగా వాదోపవాదాలు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతున్నాయి. మొదటిదాని గురించి జనంలో భయమూ చర్చా ఎక్కువ. రోగికి జరిగే మేలుకీడులు మాత్రం చాలావరకు రెండోదాని మీదే ఆధారపడి ఉంటాయి. ఈ రంగంలో వాడే మూల పదాలు, నడిచొచ్చిన దారి, ప్రధాన వాదాలు, ఇంకా తేలని సంగతులు ఒకచోట పేర్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా తెలియాల్సిన మాటలు

ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో కిరణాలు బయటి యంత్రం నుంచి వచ్చి శరీరాన్ని దాటుకుని అవతలికి పోతాయి. ఎముక ఎక్కడ విరిగింది, గడ్డ ఎంత పెరిగింది అన్న ఆకారం వాటిలో తెలుస్తుంది. న్యూక్లియర్ మెడిసిన్‌లో కిరణాలు శరీరం లోపలి నుంచి బయటికి వస్తాయి. కిరణాలు వెలువరించే పదార్థాన్ని అతి స్వల్పంగా నరంలోకి ఎక్కిస్తారు, లేదా నోటి ద్వారా ఇస్తారు. అది ఎక్కడికి చేరింది, ఎంత చేరింది, ఎంతసేపు నిలిచింది అన్నది బయటి కెమెరా పట్టుకుంటుంది. దాన్నిబట్టి అవయవం ఎలా పనిచేస్తున్నదీ తెలుస్తుంది.

ఐసోటోపులు: ఒకే మూలకానికి చెంది, బరువులో తేడా ఉన్న పరమాణువులు. వీటిలో కొన్ని నిలకడ లేక కిరణాలు విడుస్తూ మరో రూపానికి మారతాయి. అవి రేడియో ఐసోటోపులు.

అర్ధజీవితకాలం: ఉన్న రేడియోధార్మికత సగానికి తగ్గడానికి పట్టే సమయం. టెక్నీషియం-99ఎంకు 6 గంటలు, ఫ్లోరిన్-18కి సుమారు 110 నిమిషాలు, గాలియం-68కి 68 నిమిషాలు, అయోడిన్-131కి 8 రోజులు. అంటే టెక్నీషియం ఎక్కించిన 24 గంటలకు అందులో పదహారో వంతే మిగులుతుంది. మూత్రం ద్వారా బయటికి పోయేదాన్నీ లెక్కేస్తే ఒంట్లో ఉండేది ఇంకా తక్కువ.

ట్రేసర్, లేదా రేడియో ఔషధం: ఐసోటోపుకు ఒక రసాయనాన్ని జతచేసి తయారుచేసిన మందు. దారి చూపేది రసాయనం, జాడ తెలిపేది ఐసోటోపు. ఎముకకు చేరేది ఎండీపీ, గుండె కండరానికి చేరేది సెస్టామిబి, మూత్రపిండాల్లో వడపోతను చూపేది డీటీపీఏ. చక్కెరను పోలిన ఎఫ్‌డీజీ, గ్లూకోజును ఎక్కువగా వాడుకునే కణాల్లోకి వెళ్లి అక్కడే చిక్కుకుంటుంది.

అప్‌టేక్: ఒక కణజాలం ట్రేసర్‌ను ఎంత తీసుకున్నదన్న లెక్క. చుట్టుపక్కల కన్నా ఎక్కువ తీసుకున్న చోటు హాట్ స్పాట్, తక్కువ తీసుకున్న చోటు కోల్డ్ స్పాట్. పెట్ రిపోర్టుల్లో కనిపించే ఎస్‌యూవీ, రోగి బరువునూ ఇచ్చిన మోతాదునూ లెక్కలోకి తీసుకుని ఈ అప్‌టేక్‌కు ఇచ్చే అంకె.

బెకరెల్, సీవర్ట్: సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెకరెల్. పాత కొలమానంలో ఒక మిల్లీక్యూరీ అంటే 3 కోట్ల 70 లక్షల బెకరెల్‌లు. ఇవి మందులోని రేడియోధార్మికతకు కొలతలు. ఆ రేడియేషన్ శరీరానికి తెచ్చే ముప్పును అంచనా కట్టే కొలత సీవర్ట్. అందులో వెయ్యో వంతు మిల్లీసీవర్ట్. నేల, ఆకాశం, గాలి, తిండి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి అందేది సుమారు 2.4 మిల్లీసీవర్ట్‌లు.

సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ: జబ్బున్నవారిలో ఎంతమందిని పరీక్ష పట్టుకోగలదో చెప్పేది మొదటిది. జబ్బు లేనివారిలో ఎంతమందిని లేదని సరిగ్గా తేల్చగలదో చెప్పేది రెండోది. ఈ రెంటికీ ఉన్న తేడాయే కింద వచ్చే వాదాల్లో సగానికి మూలం.

నడిచొచ్చిన దారి

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను, మరుసటి ఏడాది బెకరెల్ రేడియోధార్మికతను కనుగొన్నారు. ఒక పదార్థానికి రేడియోధార్మికత జోడిస్తే జీవి లోపల దాని ప్రయాణాన్ని వెంబడించవచ్చని చూపినవాడు హంగరీ రసాయన శాస్త్రవేత్త జార్జ్ హెవెషీ. 1923లో ఆయన చిక్కుడు జాతి మొక్కల్లో రేడియోధార్మిక సీసం కదలికలను కొలిచాడు. ట్రేసర్ పద్ధతికి 1943 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్నాడు. 1920ల నడుమ బోస్టన్‌లో హెర్మన్ బ్లమ్‌గార్ట్, ఒక చేతికి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం రెండో చేతికి ఎంతసేపట్లో చేరుతుందో కొలిచి రక్తప్రసరణ వేగాన్ని లెక్కగట్టాడు.

ప్రకృతిలో దొరికే ఐసోటోపులతో అంతకు మించి ముందుకు పోలేని స్థితిలో, 1934లో ఇరీన్ క్యూరీ, ఫ్రెడరిక్ జోలియట్ దంపతులు కృత్రిమ రేడియోధార్మికతను కనుగొన్నారు. కావలసిన ఐసోటోపును కావలసినంత తయారు చేసుకునే వీలు అప్పటినుంచి కలిగింది. 1937లో ఇటలీలోని పలెర్మోలో పెరియెర్, సెగ్రే టెక్నీషియం మూలకాన్ని గుర్తించారు. 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్స్ థైరాయిడ్ అతిగా పనిచేసే రోగికి రేడియో అయోడిన్‌తో చికిత్స చేశాడు. యుద్ధం ముగిశాక 1946లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్ రియాక్టర్ నుంచి పౌర అవసరాలకు ఐసోటోపులు పంపడం మొదలైంది.

యంత్రాలు ఆ వెనకే వచ్చాయి. 1950 ప్రాంతంలో బెనెడిక్ట్ కాసెన్ తయారుచేసిన స్కానర్ శరీరం మీదుగా వరసలు వరసలుగా జరుగుతూ బొమ్మ గీసేది. 1950ల చివర హాల్ ఆంగర్ గామా కెమెరా మొత్తం ప్రాంతాన్ని ఒకేసారి చూడగలిగింది. అదే కాలంలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో టెక్నీషియం జనరేటర్ తయారైంది. 66 గంటల అర్ధజీవితకాలం ఉన్న మాలిబ్డినం-99 ఇందులో ఉంటుంది. అది క్షీణిస్తూ టెక్నీషియం-99ఎంను ఇస్తూ పోతుంది. ఆవును పితికినట్టు రోజూ ఆసుపత్రిలోనే దాన్ని తీసుకోవచ్చు. ఈ సౌలభ్యం వల్లే ప్రపంచంలోని న్యూక్లియర్ మెడిసిన్ పరీక్షల్లో దాదాపు 80 శాతం టెక్నీషియంతో జరిగే స్థితి వచ్చింది.

1970ల నడుమ ఫెల్ప్స్, హాఫ్‌మన్, టెర్‌పొగోసియన్ పెట్ యంత్రాన్ని రూపొందించారు. 1976లో బ్రూక్‌హేవెన్‌లో తయారైన ఎఫ్‌డీజీని ఫిలడెల్ఫియాలో తొలిసారి మనుషులకు ఇచ్చారు. క్యాన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా వాడుకుంటాయని 1920లలో ఆటో వార్‌బర్గ్ చెప్పిన విషయం యాభై ఏళ్ల తర్వాత ఇలా బొమ్మకెక్కింది. పెట్‌నూ సీటీనీ ఒకే బల్ల చుట్టూ అమర్చిన టౌన్‌సెండ్, నట్‌ల యంత్రాన్ని 2000లో టైమ్ పత్రిక ఆ ఏటి వైద్య ఆవిష్కరణగా ప్రకటించింది.

మన దేశంలో 1956లో ట్రాంబేలో అప్సర రియాక్టర్ పని మొదలుపెట్టింది. 1960ల తొలి ఏళ్లలోనే ఢిల్లీలో న్యూక్లియర్ మెడిసిన్ పరిశోధన సంస్థ ఇన్మాస్, ముంబైలో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ వచ్చాయి. దేశంలో తొలి వైద్య సైక్లోట్రాన్ (ఐసోటోపులు తయారుచేసే యంత్రం), పెట్ యంత్రం 2002లో ఆ ముంబై కేంద్రంలోనే మొదలయ్యాయి. రేడియో ఔషధాల సరఫరా బాధ్యత బ్రిట్ సంస్థది. కేంద్రాలకు అనుమతి, భద్రతా పర్యవేక్షణ అణుశక్తి నియంత్రణ మండలిది. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్‌లలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి.

ప్రధాన స్కాన్లు: పోల్చి చూస్తే

గామా కెమెరాను రోగి చుట్టూ తిప్పి మూడు కొలతల బొమ్మ తీస్తే అది స్పెక్ట్. పెట్‌లో వాడే ఐసోటోపు పాజిట్రాన్‌ను విడుస్తుంది. అది దగ్గరలోని ఎలక్ట్రాన్‌ను తాకి రెండూ మాయమైనప్పుడు, 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల రెండు కిరణాలు ఎదురెదురు దిశల్లో వెళ్తాయి. ఆ రెంటినీ ఒకేసారి పట్టుకోవడం వల్ల పెట్ బొమ్మ మరింత స్పష్టంగా ఉంటుంది. కింది మోతాదులు పెద్దవారికి సుమారు లెక్కలు.

బోన్ స్కాన్: టెక్నీషియం ఎండీపీతో తీస్తారు. ఎముకకు పాకిన క్యాన్సర్, పైకి తెలియని పగులు, ఇన్ఫెక్షన్ దీనికి తెలుస్తాయి. దాదాపు 4 మిల్లీసీవర్ట్‌లు. సెన్సిటివిటీ బాగా ఎక్కువ, స్పెసిఫిసిటీ తక్కువ.

థైరాయిడ్ స్కాన్: టెక్నీషియం లేదా అయోడిన్‌తో. గ్రంథి అతిగా పనిచేస్తున్నప్పుడు కారణం ఏ భాగంలో ఉందో చెబుతుంది. మామూలుగా పనిచేస్తున్న గ్రంథిలోని గడ్డకు దీనికన్నా అల్ట్రాసౌండ్ మేలు.

రీనోగ్రామ్: రెండు మూత్రపిండాల్లో ఏది ఎంత పని చేస్తున్నదో విడివిడిగా చెబుతుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ మొత్తం లెక్కే తెలుపుతుంది కాబట్టి, ఒక కిడ్నీ తీసేయాలా ఉంచాలా అన్న నిర్ణయానికి ఇది కీలకం. మోతాదు చాలా తక్కువ.

గుండె పర్ఫ్యూజన్ స్కాన్: శ్రమలోనూ విశ్రాంతిలోనూ గుండె కండరానికి రక్తం ఎలా అందుతున్నదో చూపుతుంది. టెక్నీషియంతో రెండూ కలిపి 10 మిల్లీసీవర్ట్‌ల ప్రాంతంలో ఉంటుంది. పాత థాలియం పద్ధతిలో ఇంకా ఎక్కువ.

ఎఫ్‌డీజీ పెట్-సీటీ: క్యాన్సర్ ఎంతవరకు పాకింది, మందుకు లొంగుతున్నదా అన్నది చెబుతుంది. ఎఫ్‌డీజీ నుంచి దాదాపు 7 మిల్లీసీవర్ట్‌లు. సీటీ నుంచి అందేది అదనం, కొన్నిసార్లు దీనికన్నా ఎక్కువ.

మొదటి వాదం: చిన్న మోతాదు రేడియేషన్ చేటు చేస్తుందా?

పెద్ద మోతాదు రేడియేషన్ క్యాన్సర్ ముప్పును పెంచుతుందన్నది హిరోషిమా, నాగసాకి బాధితులను దశాబ్దాలుగా పరిశీలించిన అధ్యయనాల్లో తేలింది. సుమారు 100 మిల్లీసీవర్ట్‌లకు పైన ఆ లెక్క స్పష్టం. అంతకు తక్కువలో ఏమవుతుందన్న దగ్గరే వాదాలు చీలాయి.

మొదటి వర్గం, మోతాదు ఎంత తగ్గితే ముప్పు అంత తగ్గుతుందే గానీ ఎక్కడా సున్నా కాదంటుంది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం నియమాలన్నీ ఈ పునాది మీదే నిలిచాయి. అమెరికా జాతీయ అకాడమీలు 2006లో ప్రచురించిన ఏడో బెయిర్ నివేదిక కూడా దీన్నే సమర్థించింది. దాని అంచనా ప్రకారం, 100 మందిలో 42 మందికి ఇతర కారణాల వల్ల జీవితకాలంలో ఎలాగూ క్యాన్సర్ వస్తుంది. ఆ 100 మందికీ 100 మిల్లీసీవర్ట్‌లు అందితే మరొకరికి అదనంగా రావచ్చు. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లోని 3 లక్షలకు పైగా అణుపరిశ్రమ కార్మికులపై 2023లో వెలువడిన అధ్యయనం, కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి అందిన మోతాదు కూడా క్యాన్సర్ మరణాలను పెంచుతుందన్న వాదానికి బలమిచ్చింది.

రెండో వర్గం, కణాలకు దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసుకునే శక్తి ఉంది కాబట్టి ఒక హద్దు లోపల హాని జరగదంటుంది. ఫ్రెంచి సైన్సు, వైద్య అకాడమీలు 2005లో ఇచ్చిన సంయుక్త నివేదిక తక్కువ మోతాదులకు సరళరేఖ లెక్కను వర్తింపజేయడాన్ని ప్రశ్నించింది. కేరళలో కరునాగపల్లి తీరపు మోనజైట్ ఇసుకలోని థోరియం వల్ల అక్కడివారికి సహజ రేడియేషన్ ఎక్కువగా అందుతుంది. వారిపై జరిపిన దీర్ఘకాల అధ్యయనం 2009లో వెలువడింది. అందులో క్యాన్సర్ల పెరుగుదల కనిపించలేదు.

మూడో వర్గం ఇంకో అడుగు వేసి, కొద్దిపాటి రేడియేషన్ ఒంటికి మేలే చేస్తుందంటుంది. వీరికి ప్రయోగశాల ఆధారాలు కొన్ని ఉన్నా, మనుషుల్లో నమ్మదగిన రుజువు లేదు. సరళరేఖ సూత్రాన్ని వదిలేయమని కొందరు నిపుణులు 2015లో అమెరికా అణు నియంత్రణ సంస్థకు అర్జీలు పెట్టారు. 2021లో ఆ సంస్థ వాటిని తోసిపుచ్చింది.

ఈ వాదం త్వరలో తేలేది కాదు. నూటికి నలభై మందికి ఎలాగూ వచ్చే జబ్బులో అతి చిన్న పెరుగుదలను పట్టుకోవాలంటే లక్షల మందిని దశాబ్దాల పాటు గమనించాలి. అయితే రోగి పక్కన నిలబడి చూస్తే మొదటి రెండు వర్గాల సలహాలో పెద్ద తేడా ఉండదు. క్యాన్సర్ ఎంతవరకు పాకిందో తెలియాల్సిన మనిషికి 7 మిల్లీసీవర్ట్‌ల ముప్పు, ఆ సంగతి తెలియకపోవడం వల్ల వచ్చే ముప్పు ముందు లెక్కలోకి రాదు. అవసరం లేని స్కాన్‌కు ఏ వర్గమూ ఒప్పుకోదు. పిల్లల కణాలు రేడియేషన్‌కు త్వరగా దెబ్బతింటాయి కాబట్టి బరువునుబట్టి మోతాదు తగ్గించాలన్నది అందరూ పాటిస్తున్నదే. గర్భిణులకు అయోడిన్-131 ఇవ్వకూడదన్నది కూడా వాదానికి అతీతం. అది మాయను దాటి బిడ్డ థైరాయిడ్‌లో చేరుతుంది.

రెండో వాదం: ఆకారమా, పనితీరా?

ఛాతీలో నొప్పితో వచ్చిన మనిషికి ముందు ఏ పరీక్ష చేయాలన్న దగ్గర గుండె వైద్యులు రెండు పక్షాలయ్యారు. రక్తనాళం ఎంత పూడుకుందో సీటీ యాంజియోగ్రామ్‌లో చూడాలన్నది ఒక పక్షం. పూడిక ఉన్నా కండరానికి రక్తం సరిపోతున్నదా లేదా అన్నదే అసలు సంగతి, అది పర్ఫ్యూజన్ స్కాన్‌లోనే తెలుస్తుందన్నది రెండో పక్షం.

అమెరికాలో 10,003 మందిపై జరిగిన ప్రామిస్ పరీక్షలో, 2015 ఫలితాల ప్రకారం, ఏ దారిన వెళ్లినా రోగుల గతిలో తేడా రాలేదు. స్కాట్లండ్‌లో జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనపు అయిదేళ్ల ఫలితాలు 2018లో వచ్చాయి. మామూలు పరీక్షలకు సీటీని జోడించినవారిలో గుండెపోటు తగ్గింది. సన్నని పూడికలు కూడా కంటపడటంతో స్టాటిన్ వంటి నివారణ మందులు ముందే మొదలవడం ఇందుకు ప్రధాన కారణమని ఎక్కువమంది వివరణ. బ్రిటన్ నైస్ సంస్థ 2016లోనే సీటీకి తొలి స్థానమిచ్చింది.

రెండో పక్షాన్ని మరో అధ్యయనం ఇరకాటంలో పెట్టింది. శ్రమ పరీక్షల్లో రక్తం బాగా తక్కువ అందుతున్నట్టు తేలిన 5,179 మందితో జరిగిన ఇస్కీమియా పరీక్ష, స్టెంటు లేదా బైపాస్ దారిన ముందే వెళ్లడం వల్ల మందులకన్నా మరణాలు తగ్గవని 2020లో చెప్పింది. స్కాన్‌లో లోపం కనిపించగానే స్టెంటు అన్న అలవాటుకు ఇది గట్టి దెబ్బ. అయితే ఇక్కడ తప్పింది స్కాన్ కాదు. రక్తం తక్కువ అందుతున్నదని అది నిజమే చెప్పింది. ఆ నిజాన్ని చూసి ఏం చేయాలన్న లెక్కే మారాల్సి వచ్చింది. ఇప్పటికే స్టెంటు ఉన్నవారిలో, గుండెపోటు వచ్చిపోయాక ఎంత కండరం బతికి ఉందో తేల్చాల్సినవారిలో, కిడ్నీ జబ్బు వల్ల సీటీ రంగు మందు ఇవ్వడానికి వీల్లేనివారిలో న్యూక్లియర్ స్కాన్‌కు నేటికీ స్థానం ఉంది.

మూడో వాదం: వెలిగిందల్లా క్యాన్సరేనా?

ఎఫ్‌డీజీ క్యాన్సర్‌ను వెతుక్కుంటూ పోదు, గ్లూకోజు ఎక్కడ ఎక్కువ ఖర్చవుతుంటే అక్కడికి పోతుంది. క్షయ గడ్డలో పోరాడుతున్న మాక్రోఫేజ్ కణాలు కూడా గ్లూకోజును బాగా వాడుకుంటాయి. కాబట్టి క్షయ పెట్ స్కాన్‌లో క్యాన్సర్‌లాగే వెలుగుతుంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు ఉన్న మన దేశంలో ఇది రోజువారీ చిక్కు. క్షయ అరుదైన దేశాల్లో కట్టిన స్పెసిఫిసిటీ లెక్కలు ఇక్కడ యథాతథంగా నిలవవు. ఎస్‌యూవీ ఇంత దాటితే క్యాన్సర్ అన్న గీత ఒకటి గీద్దామన్న ప్రయత్నాలు, ఈ రెండు జబ్బుల అంకెలూ ఒకదానిమీదికొకటి వస్తుండటంతో నిలబడలేదు. ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూసే బయాప్సీదే చివరి మాట.

తెలుగు నేలకు సూటిగా సంబంధించిన ఉదాహరణ ఫ్లోరోసిస్. దేశంలో ఈ జబ్బును తొలిసారి వైద్య పత్రికల్లో నమోదు చేసింది 1937లో, నెల్లూరు జిల్లా నుంచి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఇది తరతరాల వ్యథ. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకల్లో జీవక్రియ పెరిగి, బోన్ స్కాన్‌లో అస్థిపంజరం మొత్తం ఒక్కతీరుగా వెలిగిపోవచ్చు. దీన్ని సూపర్ స్కాన్ అంటారు. ఒళ్లంతా పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లోనూ ఇలాంటి బొమ్మే వస్తుంది. రోగి ఏ ఊరివాడు, ఏ నీళ్లు తాగాడు అన్నది అడగని డాక్టరు ఈ బొమ్మను సరిగా చదవలేడు.

ఇంకా ఉన్నాయి. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ పేగుల్లో అప్‌టేక్‌ను పెంచుతుంది. కోవిడ్ టీకా వేసుకున్న వైపు చంకలో లింఫు గ్రంథులు వెలగడం 2021లో ప్రపంచమంతటా చూశారు. ఇందుకు ఎదురు తప్పు కూడా జరుగుతుంది. మెదడు సహజంగానే గ్లూకోజుతో వెలుగుతుంది, మూత్రాశయం మందు బయటికి పోయే దారి కావడంతో వెలుగుతుంది. కాబట్టి అక్కడి చిన్న గడ్డలు మరుగున పడతాయి. నిదానంగా పెరిగే క్యాన్సర్లు కొన్ని అసలే వెలగవు. ఏమీ లేదని వచ్చిన పెట్ రిపోర్టును ఒంట్లో ఏమీ లేదన్న హామీగా తీసుకోకూడదు.

నాలుగో వాదం: బాగా కనిపిస్తే ఎక్కువ కాలం బతుకుతారా?

కొత్త ట్రేసర్లు ఇంతకుముందు కనిపించనివి చూపిస్తున్నాయి. ఆస్ట్రేలియాలో 302 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులపై జరిగి 2020లో వెలువడిన ప్రోపీఎస్ఎంఏ పరీక్షలో ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలపై ఉండే పీఎస్ఎంఏ ప్రొటీన్‌ను పట్టే పెట్ కచ్చితత్వం 92 శాతం, సీటీ, బోన్ స్కాన్ కలిపితే 65 శాతం. పైగా రేడియేషన్ కూడా సగానికన్నా తక్కువ. ఇంత స్పష్టంగా చూడటం మేలే కదా అన్నది ఒక పక్షం మాట.

రెండో పక్షం ఒక మెలికను ఎత్తిచూపుతుంది. ఇంతకుముందు తొలిదశలో ఉన్నట్టు లెక్కించిన కొందరిలో కొత్త స్కాన్ చిన్న మచ్చలు చూపగానే వారిని ముదిరిన దశలోకి మారుస్తారు. తొలిదశ గుంపులో జబ్బు తక్కువగా ఉన్నవారే మిగులుతారు. ముదిరిన దశలోకి మామూలుకన్నా తేలికపాటి రోగులు చేరతారు. ఒక్కరి ఆయుష్షూ పెరగకుండానే రెండు గుంపుల సగటు ఆయుర్దాయమూ పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే, బొమ్మ ఎంత బాగుందన్నది కాక, దాని వల్ల చికిత్స మారిందా, ఆ మార్పుతో రోగికి మేలు జరిగిందా అన్నదే కొలబద్ద కావాలని వీరంటారు.

ఆ కొలబద్దకు నిలిచిన పరీక్షలున్నాయి. నెదర్లాండ్స్‌లో 188 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ అనుమానితులపై జరిగి 2002లో వెలువడిన ప్లస్ పరీక్షలో, ఫలితం లేని ఛాతీ శస్త్రచికిత్సలు పెట్ వల్ల 41 శాతం నుంచి 21 శాతానికి తగ్గాయి. తల, మెడ క్యాన్సర్లకు సంబంధించి బ్రిటన్‌లో 564 మందితో జరిగిన పెట్-నెక్ పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. చికిత్స తర్వాత అందరికీ మెడ ఆపరేషన్ చేసే పద్ధతిలో 221 ఆపరేషన్లు జరిగాయి. పెట్-సీటీ చూసి అవసరమైనవారికే చేసే పద్ధతిలో 54తో సరిపోయింది. రెండు పక్కలా బతికినవారి లెక్క దాదాపు ఒకటే. పొగాకు, గుట్కాల వల్ల నోటి, గొంతు క్యాన్సర్లు ఎక్కువగా ఉన్న మన దేశానికి ఈ ఫలితం ఎంతో విలువైనది. లింఫు గ్రంథుల క్యాన్సరైన లింఫోమాలో కీమోథెరపీ నడుమ పెట్ తీసి మందులు తగ్గించడమో పెంచడమో కూడా నేడు స్థిరపడిన పద్ధతి.

తేలనివీ ఉన్నాయి. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమైలాయిడ్‌ను చూపే పెట్ ట్రేసర్‌కు అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. జ్ఞాపకశక్తి చక్కగా ఉన్న వృద్ధుల్లోనూ చాలామందికి ఇది పాజిటివ్ వస్తుంది. అమైలాయిడ్‌ను తొలగించే కొత్త మందులు వచ్చాక ఈ స్కాన్‌కు పని పెరిగింది. లక్షణాలు లేనివారికి మాత్రం దీని వల్ల ఏం మేలన్నది తేలలేదు. జపాన్‌లో 1990ల నుంచి ఆరోగ్యవంతులకు పెట్ పరీక్షలు చేసే కేంద్రాలున్నాయి. అలా చేయడం వల్ల మరణాలు తగ్గుతాయన్న రుజువు లేదు.

చూసిన చోటికే మందు పంపే థెరనోస్టిక్స్ ఈ వాదాన్ని కొత్త మలుపు తిప్పుతున్నది. పెట్‌లో పీఎస్ఎంఏ ఉన్నట్టు తేలినవారికి, అదే గురికి లుటీషియం-177ను పంపిన విజన్ పరీక్షలో మధ్యస్థ (మీడియన్) జీవితకాలం 11.3 నెలల నుంచి 15.3 నెలలకు పెరిగిందని 2021లో తేలింది. అందరికీ ఒకే మోతాదా, ఒక్కొక్కరి అవయవాలకు అందే రేడియేషన్‌ను కొలిచి ఇవ్వాలా అన్నది ఈ రంగపు నిపుణుల మధ్య నడుస్తున్న వాదం.

సరఫరా, అందుబాటు

మాలిబ్డినం-99ను ప్రపంచానికి అందించేవి కొద్ది రియాక్టర్లే, వాటిలో చాలావరకు పాతవి. 2009 మేలో కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ ఆగి, నెదర్లాండ్స్‌లోని పెటెన్ రియాక్టర్ కూడా మరమ్మతులకు మూతపడినప్పుడు ప్రపంచమంతటా టెక్నీషియం కరువొచ్చింది. నిల్వ చేసుకునే వీల్లేని మందు ఇది. ఇక ఫ్లోరిన్-18కి ఉన్నది 110 నిమిషాల అర్ధజీవితకాలం. సైక్లోట్రాన్ ఉన్న ఊరికి కొన్ని గంటల దూరంలో ఉన్న ఆసుపత్రులకే అది పనికొస్తుంది. కొత్త రియాక్టర్లు కట్టాలా, సైక్లోట్రాన్లు పెంచాలా, జనరేటర్‌తో దొరికే గాలియం-68 వంటివాటి వైపు మళ్లాలా అన్న దగ్గర దేశాల దారులు వేరువేరుగా ఉన్నాయి. కోల్‌కతాలో 2018లో పని మొదలుపెట్టిన సైక్లోన్-30 సైక్లోట్రాన్ మన దేశం వేసిన ఒక అడుగు. పెద్ద నగరాలకు దూరంగా ఉన్న జిల్లాల రోగికి మాత్రం ప్రయాణం, బస, ఖర్చు ఇప్పటికీ భారమే.

తేలినవి, తేలనివి

తేలినవి: న్యూక్లియర్ స్కాన్ పనితీరును చూపుతుంది, జబ్బు పేరు చెప్పదు. అవసరమైన స్కాన్‌లో మేలు, రేడియేషన్ ముప్పుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. లింఫోమా, ఊపిరితిత్తులు, తల, మెడ క్యాన్సర్లలో పెట్ చికిత్సను మెరుగుపరిచింది. మన దేశంలో హాట్ స్పాట్‌ను చూసి క్షయను తోసిపుచ్చి క్యాన్సర్ అని తేల్చలేం.

తేలనివి: 100 మిల్లీసీవర్ట్‌లకు దిగువన ముప్పు ఎంత. ఛాతీ నొప్పిలో తొలి పరీక్ష ఎవరికి ఏది. కొత్త ట్రేసర్లు చూపే చిన్న మచ్చలకు చికిత్స చేస్తే ఆయుష్షు పెరుగుతుందా. థెరనోస్టిక్స్‌లో మోతాదు ఎలా నిర్ణయించాలి.

ఈ రెండు జాబితాలనూ కలిపి చదివితే ఒక సంగతి బోధపడుతుంది. ప్లస్, పెట్-నెక్ పరీక్షల్లో స్కాన్ ఒక నిర్దిష్టమైన ప్రశ్నకు జవాబిచ్చింది: ఈ రోగికి ఆపరేషన్ చేయాలా వద్దా? అక్కడ అది ప్రాణానికి, ఒంటికి మేలు చేసింది. ప్రశ్న ఏమిటో తెలియకుండా తీసిన చోట, రేడియేషన్ ఎంత తక్కువైనా, అనుమానాలు, అనవసరపు బయాప్సీలు, ఖర్చులు మిగిల్చింది. అమెరికాలోని న్యూక్లియర్ మెడిసిన్ నిపుణుల సంఘమే 2013లో తన సభ్యులకు ఈ మాట చెప్పింది. ఆరోగ్యవంతుల్లో క్యాన్సర్ కోసం పెట్-సీటీ తీయవద్దని, థైరాయిడ్ మామూలుగా పనిచేస్తుంటే గడ్డకు న్యూక్లియర్ స్కాన్ వద్దని, స్టెంటు వేసిన ప్రతివారికీ ఏటేటా శ్రమ పరీక్ష వద్దని సూచించింది. తమ చేతిలోని పరికరానికి తామే హద్దు గీసుకున్న ఆ నిజాయితీ మన దగ్గరా రావాలి.

రోగులకూ కుటుంబాలకూ విన్నపం. స్కాన్ రాసినప్పుడు డాక్టరును మూడు మాటలు అడగండి: ఈ స్కాన్ ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నది? జవాబు అవునని వస్తే ఏం చేస్తారు, కాదని వస్తే ఏం చేస్తారు? రేడియేషన్ లేని మరో పరీక్ష ఇదే సంగతి చెప్పగలదా? మీవైపు నుంచి కూడా మూడు మాటలు దాచకుండా చెప్పండి: గర్భం గానీ చంటిబిడ్డకు పాలివ్వడం గానీ ఉంటే అది, గతంలో క్షయ వచ్చి ఉంటే అది, వాడుతున్న మందులూ ఇటీవల వేసుకున్న టీకాలూ. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లవారు ఆ సంగతి కూడా చెప్పాలి. సరైన జవాబులు దొరికితే నిర్భయంగా స్కాన్ చేయించుకోండి. రెండు జవాబులకూ చికిత్స ఒకటే అయితే, ఆ స్కాన్ ఎందుకని మరోసారి అడిగే హక్కు మీకుంది.